యంత్రపు లెక్క – మనిషి లెక్క

కార్యాలయమున కంప్యూటరు నెలంతయు ఆగలేదని లెక్క చూపవచ్చును. కాని పంట ఋణమునకై అడంగల్ నకలు కోరి వచ్చిన చేబ్రోలు రైతు "రేపు రండి" అను మాట విని మరలిపోయినచో, ఆ లెక్క యెవరి కొఱకు?

సమాచార సాంకేతిక వ్యవస్థలను నడపుటకు ప్రపంచమున కొన్ని నిర్వహణ పద్ధతులు ఏర్పడినవి. 1980వ దశకమున బ్రిటిష్ ప్రభుత్వ సంస్థ రూపొందించిన 'ఐటిల్', 1996లో వెలువడిన 'కోబిట్' వానిలో ప్రసిద్ధములు. ముందు సంస్థ లక్ష్యము, దానినుండి యంత్రము చేయవలసిన పని అనునది 2012 నాటి కోబిట్ చూపిన వరుస.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ప్రారంభమైన 'మీ సేవ'ను చూతము. విచారణ కావలసిన పత్రములకు గడువు పెట్టిరి. అడంగల్ వంటివి అప్పటికప్పుడే ఇయ్యవలెననిరి. ఆ "అప్పటికప్పుడే" అనునదే లక్ష్యము. భూమి రికార్డులు ముందుగనే కంప్యూటరు కెక్కవలెను, అధికారి డిజిటల్ సంతకము సిద్ధముగా నుండవలెను అను పనులన్నియు దానినుండియే పుట్టును.

వరుస తలక్రిందులైనచో పట్టికలు నిండును గాని పని సాగదు. కనుక నిర్వాహకులకు మా మనవి యొక్కటే: యంత్రము నడచిన గంటల ప్రక్కన, ఎందఱు వచ్చిరో, ఎందఱు పని ముగించుకొని పోయిరో కూడ వ్రాయుడు. రెండు లెక్కలు కలియనిచోటనే మరమ్మతు కావలెను.