పడినది పడనివ్వండి!

రోలర్ కోస్టర్ మీద మనిషిని బిగించి ఉంచడానికి ఎన్నో ఏర్పాట్లు ఉన్నవి. జేబులోని వస్తువు సంగతి మాత్రం మనమే చూసుకోవాలి.

మూడేళ్ళ క్రితం వేసవి సెలవుల్లో, ఒక పెద్ద నగరం శివార్లలోని ఎమ్యూజ్‌మెంట్ పార్కులో, కళ్ళజోడు కోసం నేను ప్రాణం పోగొట్టుకోబోయాను. ఈ మాటలో అతిశయోక్తి లేదు. ఆ క్షణాన ఆ సంగతి నాకు తెలియదు, అంతే.

మా అబ్బాయికి అప్పటికి పదమూడేళ్ళు. రోలర్ కోస్టర్ ఎక్కవలసిందేనని పట్టుబట్టాడు. తల తిరుగుతుందన్న సాకుతో మావారు తప్పించుకున్నారు. మా అత్తగారు చెట్టు నీడన బెంచీ మీద కూర్చున్నారు. నా చేతిసంచి, సెల్‌ఫోన్లు, మంచినీళ్ళ సీసా, మా అబ్బాయి టోపీ ఒకదాని వెంట ఒకటి ఆవిడ ఒడిలోకి చేరాయి.

"ఆ కళ్ళజోడు కూడ ఇచ్చి వెళ్ళమ్మాయీ" అన్నారు ఆవిడ.

"అది లేకపోతే నాకు మెట్లు కూడ కనిపించవు, అత్తయ్యగారూ" అన్నాను.

అనువాదాలు చేసుకొని బ్రతికే నాకు కళ్ళజోడు రైతుకు నాగలి వంటిది. ఒక్క పూట కూడ దానిని విడిచి ఉండలేను. అందుకే పెట్టుకొని ఎక్కాను. మొదటి ఎత్తు మీద నుంచి బండి క్రిందికి దూకుతున్నప్పుడు ముక్కు మీద ఏదో తేలికపడినట్లనిపించింది. చేయి పైకి వెళ్ళేసరికే అక్కడ కళ్ళజోడు లేదు.

దిగిన తరువాత మా అబ్బాయి కంచె వెంట నడుస్తూ వెదికాడు. "అమ్మా, అదుగో!" అన్నాడు. కంచెకు అవతల నాలుగైదు బారల దూరంలో, గడ్డిలో ఏదో తళుక్కుమన్నది. చుట్టూ ఎవరూ లేరు. చప్పుడు కూడ లేదు. గబగబా వెళ్ళి తెచ్చుకుంటే అరనిమిషం పని. కంచె క్రింది కమ్మీ మీద కాలు పెట్టాను.

"అమ్మా, ఆగండి! దిగండి!" అని కేక వినిపించింది. పార్కులో పనిచేసే కుర్రవాడొకడు పరుగెత్తుకొని వస్తున్నాడు. అతడికి నేనేదో సర్దిచెప్పబోయేలోగా బండి వచ్చింది. ఆ చోట పట్టాలు క్రిందికి వంగి, ఆ గడ్డి మీదుగా దాదాపు నా భుజమెత్తున పోతాయని అప్పుడు గ్రహించాను. కళ్ళజోడు లేని కళ్ళకు ఆ వంపు కనిపించలేదు. దేనికోసం కంచె దాటబోయానో అది లేకపోవడం వల్లనే ముందున్న అపాయం నాకు తెలియకపోయింది.

"బండి ఆపేశాక సాయంత్రం నేను తెచ్చిస్తాను, మీరు ఇవతలే ఉండండి" అన్నాడు ఆ కుర్రవాడు. విసుక్కోలేదు. అతడికిది రోజూ ఉండే పనేనని నాకు అర్థమైంది.

టోపీ, పర్సు, తాళపుచెవులు

ఇంటికి వచ్చిన తరువాత ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఆనాటి నా మూర్ఖత్వంలో నేను ఒంటరిని కానని తెలిసింది.

1998 సెప్టెంబరులో, కాలిఫోర్నియాలోని శాంతా క్లారా పట్టణపు పార్కులో ఒక యువకుడు భార్య టోపీని తేవడానికి కంచె దాటాడు. బండిలో కూర్చున్న ఒక ప్రయాణికురాలి కాలు అతడికి తగిలింది. అతడు మరణించాడు. ఆమె కాలు విరిగింది.

2015 ఆగస్టులో, ఒహాయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్ పార్కులో ఒక నడివయస్కుడు 'రాప్టర్' అనే కోస్టర్ మీద పోగొట్టుకున్న సెల్‌ఫోన్, పర్సు కోసం కంచె లోపలికి వెళ్ళాడు. బండి ఢీకొని మరణించాడు. 2024 జూన్‌లో, అదే రాష్ట్రంలో సిన్సినాటి నగరానికి దగ్గరనున్న కింగ్స్ ఐలాండ్ పార్కులో 'బాన్షీ' కోస్టర్ క్రింద మరొకరు తాళపుచెవుల కోసం వెళ్ళారు. బండి తగిలి తీవ్రంగా గాయపడి, ఆ తరువాత మరణించారు.

ఒక టోపీ, ఒక పర్సు, ఒక తాళపుచెవుల గుత్తి. ఈ ముగ్గురిలో ఒక్కరు కూడ బండిలో నుంచి జారిపడలేదు. ముగ్గురూ గట్టి నేల మీద, తమ కాళ్ళ మీద నిలబడి ఉండగానే ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మరొక సామాన్యాంశం కూడ ఉన్నది. ఈ మూడు కోస్టర్లూ ఒకే జాతికి చెందినవి. మామూలు బండి పట్టాల పైన పరుగెత్తుతుంది. వీటిలో బండి పట్టాల క్రింద వ్రేలాడుతుంది, కూర్చున్నవారి కాళ్ళు గాలిలో ఆడుతుంటాయి. ఈ జాతిలో మొదటిది 1992లో చికాగో నగరానికి సమీపంలోని గర్నీలో ప్రారంభమైన 'బాట్‌మాన్' కోస్టర్. నేల మీద నిలబడి పైకి చూసేవారికి పట్టాలు చాలా ఎత్తున ఉన్నట్లు కనిపిస్తాయి, ఆ క్రింద అంతా ఖాళీయే అనిపిస్తుంది. కాని ఆ ఖాళీయే బండి పోయే దారి. పట్టాలకు క్రింద బండి, బండికి క్రింద ఆసనాలు, ఆసనాలకు క్రింద మనుషుల కాళ్ళు. బండి లేనప్పుడు ఇవేవీ కంటికి కనిపించవు.

వేగం సంగతి కూడ ఆలోచించండి. 'బాన్షీ' గరిష్ఠ వేగం గంటకు సుమారు 109 కిలోమీటర్లు, అంటే సెకనుకు 30 మీటర్లు. నడిచి వెళ్ళి, వంగి, వస్తువును ఎత్తుకొని లేవడానికి అయిదు సెకన్లు పడుతుందనుకుందాం. ఆ లోపల ఆ వేగంతో బండి 150 మీటర్లు వస్తుంది. వంగి నేల వైపు చూస్తున్న మనిషి దానిని చూడడు.

వస్తువు ఎందుకు ఎగురుతుంది?

రోలర్ కోస్టర్ పూర్వరూపం రష్యా దేశపు మంచు జారుడుబండ. అందుకే ఫ్రెంచి, స్పానిష్ భాషలలో దీనిని 'రష్యా కొండలు' అంటారు. చిత్రమేమంటే రష్యనులు మాత్రం దీనిని 'అమెరికా కొండలు' అంటారు! 1884లో న్యూయార్కు నగరపు కోనీ ఐలాండ్‌లో లామార్కస్ థాంప్సన్ నిర్మించిన కోస్టర్ గంటకు 10 కిలోమీటర్ల వేగంతో మెల్లగా సాగేది. టికెట్టు అయిదు సెంట్లు. దాని మీద పెద్దమనుషులు టోపీతోనే ఎక్కి టోపీతోనే దిగి ఉంటారు. 2010లో అబుధాబిలో ప్రారంభమైన 'ఫార్ములా రోసా' వేగం గంటకు 240 కిలోమీటర్లు. ఇసుక, పురుగులు కళ్ళలో పడకుండా ప్రయాణికులకు కళ్ళద్దాలు వారే ఇస్తారు.

అయితే వస్తువులు జారడానికి వేగం ఒక్కటే కారణం కాదు. బండి గుట్టలాంటి ఎత్తు ఎక్కి ఒక్కసారిగా క్రిందికి వంగినప్పుడు, అందులోని ప్రతి వస్తువూ అంతవరకు పోతున్న దిశలోనే పోవాలని చూస్తుంది. న్యూటన్ చెప్పిన సూత్రమే ఇది. మన శరీరం కూడ అలాగే లేవబోతుంది. కాని ఒడి మీద బిగించిన కమ్మీ దానిని ఆపి బండితో పాటు క్రిందికి తీసుకుపోతుంది. కడుపులో గాలి నిండినట్లనిపించేది అప్పుడే. జేబులోని సెల్‌ఫోనుకు ఏ కమ్మీ లేదు. మనం క్రిందికి పోతాము, అది ఉన్నచోటే ఉండబోతుంది. నిజానికి అది ఎగరలేదు, మనమే దాని క్రింద నుంచి తప్పుకున్నాము.

చక్రంలా గిర్రున తిప్పే చోటే జేబులు ఖాళీ అవుతాయని చాలామంది అనుకుంటారు. అక్కడ బండి చాలినంత వేగంతో తిరిగితే తలక్రిందులుగా ఉన్నప్పుడు కూడ శరీరం ఆసనానికే అదుముకొని ఉంటుంది. ఎక్కువ అపాయం ఎత్తుల శిఖరాల మీద, నిదానంగా మెలి తిరిగే చోట్ల. పైజేబులో పెన్ను, వెనుక జేబులో పర్సు ఉన్నవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఒకరి జేబు, మరొకరి కన్ను

పోతే నా వస్తువే కదా పోయేది అనుకునేవారుంటారు. అది సరికాదు. 30 మీటర్ల ఎత్తు నుంచి జారిన వస్తువు, గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే, నేలను తాకేటప్పటికి గంటకు 87 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. క్రింద వరుసలో నిలబడినవారిలో పసిపిల్లలుంటారు.

అంత వేగంలో మెత్తనిదేదీ మెత్తగా తగలదు. 1999 మార్చిలో వర్జీనియా రాష్ట్రంలో ఒక కొత్త కోస్టర్ ప్రారంభోత్సవానికి ఫాబియోను పిలిచారు. ఇంగ్లీషు ప్రేమ నవలల అట్టల మీద బొమ్మగా ప్రసిద్ధికెక్కిన అందగాడాయన. ముందు వరుసలో కూర్చున్న ఆయన ముఖానికి ఎదురుగా ఎగురుతున్న బాతుజాతి పక్షి కొట్టుకున్నది. అందమైన ముక్కు మీద రక్తంతో ఆయన తిరిగి వచ్చాడు. పత్రికలు చాలాకాలం నవ్వుకున్నాయి. ఆ స్థానంలో ఒక తాళపుచెవుల గుత్తి ఉంటే నవ్వుకునేవారు కారు.

అటువంటిదీ జరిగింది. ఫ్లోరిడా రాష్ట్రపు ఓర్లాండోలో రెండు కోస్టర్లు ఎదురెదురుగా దూసుకువచ్చి, ఢీకొంటాయేమో అనిపించేంత దగ్గరగా తప్పుకుపోయేవి. జనానికి అదే సరదా. 2011 వేసవిలో రెండు వారాల లోపలే రెండుసార్లు, గాలిలో వచ్చిన వస్తువు తగిలి ప్రయాణికులు గాయపడ్డారు. వారిలో ఒకరు ఒక కన్ను పోగొట్టుకున్నారు. ఆ అక్టోబరు నుంచి రెండు బండ్లను ఎదురెదురుగా వదలడం పూర్తిగా మానేశారు. 2016లో పునరుద్ధరించిన మరొక కోస్టర్ ముందు విమానాశ్రయంలో వలె లోహాలను పసిగట్టే యంత్రాన్నే నిలిపారు.

అదృష్టవంతుల కథలు లేకపోలేదు. స్పెయిన్‌లోని పోర్ట్ అవెంచురా పార్కులో 'శంభాల' అనే కోస్టర్ ఉన్నది. ఆ పేరు మన పురాణాలలోని శంభలకు దగ్గరి చుట్టం. 2019లో దాని మీద ముందు వరుసలోని ఒకరి సెల్‌ఫోన్ జారి వెనక్కు ఎగిరింది. వెనుక కూర్చున్న ఒక న్యూజిలాండ్ దేశస్థుడు దానిని గాలిలోనే ఒడిసి పట్టుకున్నాడు. ఆ దృశ్యాన్ని ప్రపంచమంతా చూసి చప్పట్లు కొట్టింది. క్రికెట్‌లో మంచి ఫీల్డర్ మన వెనుకనే కూర్చుంటాడన్న హామీ ఏ టికెట్టు మీదా ఉండదు.

జారకుండా జేబులోనే ఉన్న ఫోను కూడ ఒక్కొక్కప్పుడు చిక్కు తెస్తుంది. 2022లో కింగ్స్ ఐలాండ్‌లో కోస్టర్ కుదుపులను కొన్ని కొత్త ఐఫోన్లు కారు ప్రమాదమనుకొని వాటంతట అవే అత్యవసర సహాయ కేంద్రానికి కబురు పంపాయి. యజమానులు పైన కేరింతలు కొడుతుంటే క్రింద అధికారులు కంగారుపడ్డారు.

ఎక్కే ముందు

ఇందులో గొప్ప విద్య ఏమీ లేదు. మా అమ్మ తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కే ముందు చిల్లర కొంగున ముడివేసుకొని, ఆ కొంగును నడుముకు బిగించేది. మా తాతయ్య పొగాకు సంచిని రొంటిన దోపుకొనేవాడు. ఆ జాగ్రత్తనే మనం కాలానికి తగినట్లు పాటిస్తే చాలు.

అన్నిటికన్న ఉత్తమం వస్తువులేవీ లేకుండా ఎక్కడం. ఎక్కని మనిషి ఒకరు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. అన్నీ వారికి అప్పగించండి. అటువంటివారు లేకపోతే లాకరు తీసుకోండి. లాకరు అద్దె ఎప్పుడూ ఫోను ఖరీదుకన్న తక్కువే. ఇంటి తాళాలు, కారు తాళాలు ముందుగా అందులో వేయండి. తప్పనిసరిగా దగ్గర ఉండవలసినదేదైనా ఉంటే, జిప్పు ఉన్న జేబులో పెట్టి జిప్పు చివరిదాకా లాగండి.

కళ్ళజోడు విడువలేనివారు తల వెనుక బిగించే పట్టీ వాడాలి. అది కూడ పార్కువారు అనుమతిస్తేనే. వినికిడి యంత్రం, తీసి పెట్టుకొనే పళ్ళసెట్టు ఉన్న పెద్దలు వాటిని డబ్బీలో పెట్టి ఇంటివారికివ్వాలి. స్త్రీలు చున్నీ తీసివేయాలి, జడను చొక్కాలోకి దోపుకోవాలి. మెడలో గొలుసు ఉంటే లోపలికి వేసుకోవాలి. వదులైన చెప్పులు వేదిక మీదనే విడవాలి.

ఇంత చేసినా ఏదైనా జారితే చేయి చాచవద్దు. బండి ఆగిన తరువాత అక్కడి ఉద్యోగికి ఏమి పోయిందో, ఏ చోట పోయిందో చెప్పండి. బండిని ఆపించి వెదకడం వారి పని. ఎదురుచూడడం మన పని. పిల్లలకు ముందుగానే చెప్పి ఉంచండి: "టోపీ పోతే కొత్తది కొంటాను. కంచె మాత్రం దాటవద్దు." దెబ్బలు తింటామన్న భయంతో పోయిన వస్తువు కోసం పరుగెత్తే పిల్లలు మన ఇళ్ళలో తక్కువేమీ కాదు.

ఆ సాయంత్రం ఏడు కావస్తుండగా, బండి నిలిపివేసిన తరువాత, ఆ కుర్రవాడు ఒక ప్లాస్టిక్ బుట్ట తెచ్చాడు. రెండు సెల్‌ఫోన్లు, ఒక ఒంటి చెప్పు, మూడు నాలుగు టోపీలు, ఒక పసిపిల్ల కాలి పట్టీ, వాటి మధ్య నా కళ్ళజోడు. ఒక అద్దం పగిలింది. కొత్త అద్దానికి పదిహేను వందల రూపాయలైంది. ఆనాడు నేను నా ప్రాణానికి కట్టిన ధర అంతేనన్నమాట!

మొన్న మళ్ళీ వెళ్ళాము. మా అబ్బాయి నాకన్న పొడవు ఎదిగాడు. వరుసలో నిలబడే ముందు చేయి చాచి, "అమ్మా, కళ్ళజోడు" అన్నాడు. మారు మాట్లాడక తీసి ఇచ్చాను. దానిని వాడు వాళ్ళ నాయనమ్మ ఒడిలో పెట్టి వచ్చి, నా చేయి పట్టుకొని మెట్లెక్కించాడు.