ఏడాదికి 1,400 డాలర్లు: జీతానికి ఆడిన తొలితరం స్టార్ జార్జ్ రైట్

ఐపీఎల్ వేలంలో ఆటగాళ్లకు కోట్లు పలకడం మనకిప్పుడు మామూలే. కానీ ఆడినందుకు డబ్బు తీసుకోవడమే తప్పన్న రోజులున్నాయి. 1860లలో అమెరికా బేస్‌బాల్ క్లబ్బుల సంఘం రూల్ అదే. మంచి ఆటగాడు కావాలంటే క్లబ్బులు దొడ్డిదారి పట్టేవి. 1867లో వాషింగ్టన్ నేషనల్స్‌కు ఆడిన జార్జ్ రైట్‌ను కాగితాల మీద ప్రభుత్వ క్లర్క్‌గా చూపించారు. ఆఫీసని రాసిన అడ్రసుకు వెళ్తే అక్కడున్నది పార్కట!

1869లో సంఘం దిగివచ్చి జీతాలకు ఒప్పుకుంది. సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ క్లబ్ జట్టు మొత్తాన్నీ బహిరంగంగా జీతాల మీద పెట్టుకుంది. జట్టును నడిపే అన్న హ్యారీకి 1,200 డాలర్లు, తమ్ముడు జార్జ్‌కు అందరికన్నా ఎక్కువగా 1,400. ఆ సీజన్లో జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు.

అంత జీతం ఎందుకు? జార్జ్ షార్ట్‌స్టాప్, అంటే రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్. కుడిచేతి బ్యాటర్లు కొట్టే బంతులు ఎక్కువగా అటే వెళ్తాయి. అప్పట్లో గ్లవ్స్ లేవు, ఉత్త చేతులే. విసురు మీద నమ్మకంతో జార్జ్ మిగతావాళ్ల కన్నా వెనక్కి నిలబడేవాడు, దాంతో ఎక్కువ బంతులు అందేవి. సులువైన క్యాచ్‌ను కావాలనే వదిలేసి, రన్నర్లు తికమకపడగానే ఇద్దరిని ఔట్ చేసేవాడు. ఇలాంటి ఎత్తులు ఆపడానికే 1890లలో ప్రత్యేక రూల్ వచ్చింది. నాన్న శామ్యూల్ న్యూయార్క్‌లో క్రికెట్ ప్రొఫెషనల్, జార్జ్ కూడా క్రికెట్ బాగా ఆడేవాడు.

1871లో అన్నదమ్ములు బోస్టన్ చేరారు. 1872 నుంచి 1878 వరకు ఏడేళ్లలో ఆరు టైటిళ్లు. 1879లో జార్జ్ ప్రావిడెన్స్ మేనేజర్‌గా వెళ్లి, అన్న జట్టునే వెనక్కి నెట్టి టైటిల్ కొట్టాడు.

అసలు దెబ్బ అప్పుడే పడింది. ఒక్కో క్లబ్ ఐదుగురిని ‘రిజర్వ్’ చేసుకోవచ్చని, వాళ్లను ఇంకో క్లబ్ తీసుకోకూడదని ఓనర్లు ఒప్పందం చేసుకున్నారు. బేరమాడే హక్కు పోయింది. ప్రావిడెన్స్ లిస్టులో జార్జ్ పేరుంది. అతను ఒప్పుకోలేదు, 1880 సీజన్ దాదాపుగా వదులుకుని బోస్టన్‌లో క్రీడా సామాన్ల వ్యాపారం చూసుకున్నాడు. ‘రైట్ అండ్ డిట్సన్’ పేరు టెన్నిస్ రాకెట్ల మీద చాలాకాలం కనిపించింది. కొడుకు బీల్స్ 1905లో అమెరికా టెన్నిస్ చాంపియన్ అయ్యాడు కూడా.

చేతిలో వ్యాపారం ఉంది కాబట్టి జార్జ్ కాదనగలిగాడు. మిగతావాళ్లకు ఆ వీలేదీ? ఐదుగురితో మొదలైన ఆ పద్ధతి తర్వాత ఆటగాళ్లందరికీ పాకి, 1975 దాకా కొనసాగింది.