ముక్కుకు అందని లీకు

ఫ్రీజర్లు వచ్చిన తొలినాళ్లలో లీకు కనిపెట్టడానికి పరికరమేమీ అక్కర్లేదు, ముక్కు చాలు. అప్పట్లో చల్లదనం కోసం వాటి గొట్టాల్లో ఎక్కువగా తిరిగింది అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్. ఏది బయటపడినా కళ్లు మండి, ఊపిరాడక వీధిలోకి పరుగెత్తాల్సిందే. ఏ అతుకు దగ్గర కారుతోందో తేల్చడానికి మెకానిక్కులు ఒకదాని మీదికి రెండోదాన్ని ఉసిగొల్పేవారు. సల్ఫర్ డయాక్సైడ్ లీకు దగ్గరికి అమ్మోనియాలో తడిపిన గుడ్డ తీసుకెళ్తే తెల్లటి పొగ లేచేది. అమ్మోనియా లీకైతే గంధకం పూసిన పుల్ల వెలిగించేవారు, మళ్లీ అదే తెల్లపొగ. మన రొయ్యల ప్లాంట్లలో, కోల్డ్ స్టోరేజీల్లో ఇప్పటికీ తిరిగేది అమ్మోనియాయే.

ఇలాంటి విషవాయువులను ఇళ్లలో, కొట్లలో పెట్టుకోవడమే ఇబ్బంది. 1928లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ బృందం దానికి విరుగుడు కనిపెట్టింది. అదే ఆర్-12, వ్యాపార నామం ఫ్రియాన్. 1930లో మిడ్జ్‌లీ రసాయన శాస్త్రవేత్తల సభలో దాన్ని గుండెల నిండా పీల్చి, వదిలిన ఊపిరితో కొవ్వొత్తి ఆర్పి చూపించాడు. విషం కాదు, మండదు, దాదాపు వాసనే లేదు. ఫ్రీజరంతా ఖాళీ అయిపోయినా ఎవరికీ తెలియదు. ముక్కు ఉద్యోగం అక్కడితో సరి.

దాని స్థానంలోకి మంట వచ్చింది. క్లోరిన్ ఉన్న పదార్థాన్ని కాలిన రాగికి తాకిస్తే మంట పచ్చబడుతుందని బైల్‌స్టైన్ అనే రసాయనవేత్త 1872లోనే చూపించాడు. ఫ్రియాన్‌లోనూ క్లోరిన్ ఉంది కనుక, లీకులు పట్టే హాలైడ్ టార్చిలో వాడింది ఆ కిటుకే. చిన్న మంట, దాని మీద రాగి బిళ్ల, మంటకు కావలసిన గాలిని పీల్చుకునే రబ్బరు గొట్టం. గొట్టం కొసను అతుకుల వెంట మెల్లగా నడిపిస్తే, చిన్న లీకు దగ్గర మంట లేతపచ్చగా, పెద్ద లీకు దగ్గర నీలంగా, ఊదాగా మారుతుంది. ఇంత చవకైన, ఇంత తెలివైన పనిముట్టు రిఫ్రిజిరేషన్‌లో మరొకటి రాలేదని నా అభిప్రాయం. కాకపోతే మంటలో పడ్డ ఫ్రియాన్ కొంత ఫాస్జీన్‌గా మారుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లోని సైనికులను చంపిన వాయువది.

కారిపోయిన ఫ్రియాన్ అంతా ఏమైంది? ఇంగ్లండ్‌లో జేమ్స్ లవ్‌లాక్ అనే శాస్త్రవేత్త 1957లో ఒక డిటెక్టర్ తయారుచేశాడు. ఎలక్ట్రాన్లను లాక్కునే క్లోరిన్ లాంటి పరమాణువులున్న పదార్థం ఏ కొంచెం వచ్చినా అందులో విద్యుత్ ప్రవాహం తగ్గుతుంది. 1971లో ఆయన దాన్ని షాకిల్టన్ ఓడలో అంటార్కిటికా వైపు తీసుకెళ్లాడు. నడిసముద్రం గాలిలోనూ ఫ్రియాన్ జాతి వాయువు దొరికింది, లక్ష కోట్ల భాగాల్లో పదుల లెక్కన. దీనివల్ల ప్రమాదమేమీ లేదనే ఆయనా రాశాడు. 1974లో రసాయన శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ ఆ వాయువు ఓజోన్ పొరను తినేస్తుందని వివరించారు. అలాంటి వాయువుల వాడకాన్ని తగ్గించడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది.

ఫ్రియాన్ స్థానంలోకి క్లోరిన్ లేని ఆర్-134ఏ, ఆర్-404ఏ వచ్చాయి. క్లోరిన్ లేకపోతే మంట రంగు మారదు, టార్చి గుడ్డిదైంది. బదులుగా వచ్చిన ఎలక్ట్రానిక్ డిటెక్టర్లలో ఒక రకం, వాయువును వేడి సిరామిక్ ముక్క మీద విరగ్గొట్టి ఫ్లోరిన్‌ను పసిగడుతుంది. ఇంకొకటి పరారుణ కిరణాలతో పట్టుకుంటుంది. మంచివి ఏడాదికి కొద్ది గ్రాములే కారే లీకునూ పట్టేస్తాయి. అంత పట్టింపు ఎందుకంటే, కిలో ఆర్-404ఏ భూమిని వేడెక్కించడంలో దాదాపు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అందుకే ఇప్పుడు ఐస్‌క్రీమ్ ఫ్రీజర్లలో ఆర్-290 వస్తోంది. అది ప్రొపేన్, అంటే వంటగ్యాస్‌లో ఉండేదే. దాని దగ్గరికి పాత టార్చి తీసుకెళ్తే లీకు దొరకడం మాట అటుంచి మనిషే దక్కడు.

ఇన్ని పరికరాలున్నా అనుభవమున్న మెకానిక్ ముందు చూసేది నూనె మరక. కంప్రెసర్ నూనె వాయువుతో కలిసి తిరుగుతుంది, కారిన చోట జిడ్డు మిగులుతుంది. ఈ కొత్త వాయువులు గాలికన్నా బరువు కనుక డిటెక్టర్‌ను అతుకు కింద పట్టాలి, ఫ్యాన్ ఆపాలి. చల్లటి వైపు గొట్టాలను యంత్రం ఆగాక పరీక్షించాలి, అప్పుడే వాటిలో ఒత్తిడి పెరుగుతుంది. చివరికి నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ రాసి బుడగ కోసం చూస్తారు. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ వాడితే నూనెతో కలిసి పేలుతుంది.

పెట్టె ఫ్రీజర్లలో కాయిల్ గోడల్లోని ఫోమ్‌లో పూడి ఉంటుంది. గడ్డకట్టిన ఐసును కత్తితో పొడిచేవాళ్లు తూట్లు పెట్టేది ఆ కాయిల్‌కే. అక్కడ నురగ రాయడానికి చోటు లేదు. ఆ భాగాన్ని విడదీసి, నైట్రోజన్ నింపి, గేజి బిగించి రాత్రంతా వదిలేస్తారు. తెల్లారేసరికి ముల్లు దిగితే లీకు గోడలోనే ఉన్నట్టు. కోసి బాగుచేయడం కన్నా కొత్తది కొనుక్కోమనే చాలామంది మెకానిక్కులు చెబుతారు.