తోకచుక్కల ఆత్మభ్రమణము

దీపావళినాడు నరసరావుపేట, గురజాల, మాచర్ల వీధులలో పిల్లలు భూచక్రములను కాల్చుదురు. భూచక్రమును ఎవరును చేతితో త్రిప్పరు. నిప్పంటగానే దాని కొననుండి వాయువులు ఒక ప్రక్కకు చిమ్మును. చక్రము అందుకు వ్యతిరేక దిశలో తిరుగును. ప్రతి చర్యకును సమానమైన ప్రతిచర్య కలదను న్యూటను మూడవ సూత్రమునకు ఇది చక్కని ఉదాహరణము. ఆకాశమున సంచరించు తోకచుక్కలు కూడ ఇదే విధముగా తమ భ్రమణమును మార్చుకొనుచున్నవి.

తోకచుక్కల చరిత్రలో మనకు పరిచితమైన పేరొకటి కలదు. హైదరాబాదులో చదువుకొనిన వైను బప్పు 1949లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయములో విద్యార్థిగా నుండగా ఒక క్రొత్త తోకచుక్కను కనుగొనెను. దానికి బప్పు-బాక్-న్యూకర్క్ తోకచుక్క యని పేరు. మరుసటి సంవత్సరము అదే హార్వర్డులో ఫ్రెడ్ విపుల్ అను శాస్త్రజ్ఞుడు తోకచుక్క కేంద్రకము దుమ్ముతో కలిసిన మంచుగడ్డ వంటిదని ప్రతిపాదించెను. ఎన్కే తోకచుక్క సుమారు 3 సంవత్సరముల 4 నెలలకొకసారి సూర్యుని సమీపించును. పందొమ్మిదవ శతాబ్దిలో అది ప్రతిసారి లెక్కకంటె రెండున్నర గంటలు ముందుగా వచ్చుచుండెను. కేంద్రకమునుండి వెడలు ఆవిరులే దానిని నెట్టుచున్నవని విపుల్ వివరించెను.

ఆవిరులు ఎట్లు త్రిప్పును?

సూర్యునికి దగ్గరైనప్పుడు కేంద్రకములోని మంచు వేడెక్కును. అచ్చట వాయుపీడనము లేదు గనుక మంచు నీరుగా కరగక, కర్పూరమువలె తిన్నగా ఆవిరియై వెడలిపోవును. ఆవిరి ఒక వైపు వెడలినపుడు కేంద్రకముపై రెండవ వైపునకు బలము కలుగును. ఈ బలరేఖ గరిమకేంద్రముగుండా పోయినచో కక్ష్య మాత్రమే కొంచెము మారును. ప్రక్కగా పోయినచో భ్రమణము కూడ మారును. తలుపును బందు దగ్గర నెట్టిన కదలదు. అంచున నెట్టిన సులభముగా తిరుగును. ఇదియు అట్టిదే.

కేంద్రకము నున్నని బంతివలె నుండి, అన్ని చోట్ల ఒకే తీరున ఆవిరులు వెడలినచో ఈ ప్రభావములు చాలవరకు ఒకదానినొకటి రద్దు చేసికొనును. కాని కేంద్రకములు గుంటలు మిట్టలతో వంకరటింకరగా నుండును. మంచు ఒకచోట ఎక్కువగను వేరొకచోట తక్కువగను ఆవిరియగును. అందుచే కొంత భ్రామకము మిగులును. అది తిరుగుచున్న దిశలోనే యున్నచో వేగము పెరుగును. ఎదురుగా నున్నచో తగ్గును.

కొలతలు చెప్పునది

2014లో రోసెట్టా నౌక చుర్యుమోవ్-గెరాసిమెంకో తోకచుక్కను చేరెను. అప్పుడు ఆ కేంద్రకము సుమారు 12 గంటల 24 నిమిషములకొకసారి తిరుగుచుండెను. 2015 ఆగస్టులో అది సూర్యునికి మిక్కిలి సమీపించి దాటిన పిమ్మట భ్రమణకాలము సుమారు 21 నిమిషములు తగ్గినది.

టటిల్-జియాకోబిని-క్రెసాక్ తోకచుక్క కథ ఇంకను విచిత్రమైనది. 2017 మార్చిలో దాని భ్రమణకాలము 20 గంటలు. మే నెలలో అది 46 గంటలకు మించినది. అదే సంవత్సరము డిసెంబరులో హబుల్ దూరదర్శిని తీసిన చిత్రములను తరువాత పరిశీలింపగా అది సుమారు 14 గంటలని తేలినది. ఆవిరుల త్రోపుడుచే కేంద్రకము క్రమముగా ఆగి, పిమ్మట వ్యతిరేక దిశలో తిరుగ నారంభించెనని శాస్త్రజ్ఞులు దీనికి అర్థము చెప్పుచున్నారు.

మొదటిదానిలో మార్పు నిమిషములలోను, రెండవదానిలో గంటలలోను ఉండుటకు ముఖ్యకారణము పరిమాణము. మొదటి కేంద్రకము పొడవు 4 కిలోమీటర్లకు పైబడినది. రెండవది సుమారు 1 కిలోమీటరే. ఆవిరి వెడలు ఉపరితలము వ్యాసార్ధ వర్గమునుబట్టియు, త్రిప్పు చేయి వ్యాసార్ధమునుబట్టియు ఉండును. కావున భ్రామకము వ్యాసార్ధ ఘనమునకు అనులోమానుపాతములో నుండును. జడత్వ భ్రామకమో, వ్యాసార్ధము యొక్క ఐదవ ఘాతమునుబట్టి పెరుగును. కనుక వ్యాసార్ధము సగమైనచో భ్రమణవేగము నాలుగు రెట్లు త్వరగా మారును.

వేగము పెరిగిన ప్రమాదము కూడ కలదు. నీటిలో సగము సాంద్రత గల గోళము 4 గంటల 40 నిమిషములకంటె త్వరగా తిరిగినచో, దాని మధ్యరేఖవద్ద అపకేంద్రబలము గురుత్వాకర్షణను మించును. ఈ హద్దు గోళము పెద్దదైనను చిన్నదైనను ఒక్కటే. అప్పుడు కేంద్రకమును కలిపియుంచునది దుమ్ము, మంచు రేణువుల స్వల్పమైన అతుకు మాత్రమే. చిన్న తోకచుక్కలనేకములు మంచు తరుగకమునుపే ఇట్లు చెదరిపోవునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. టటిల్-జియాకోబిని-క్రెసాక్ 2028లో మరల సూర్యుని సమీపించును. అప్పుడు దాని భ్రమణకాలము ఎంతయున్నదో కొలుచుట అందుచేతనే ముఖ్యము.

పాఠశాలలో ఒక ప్రయోగము

ఒక ఖాళీ రేకు డబ్బా అడుగుకు దగ్గరగా, ప్రక్కన, సమదూరములో నాలుగు రంధ్రములు మేకుతో పొడువవలెను. మేకు ఇంకను రంధ్రములో నుండగానే దానిని డబ్బా ప్రక్కకు వాల్చినచో రంధ్రము ఏటవాలగును. నాలుగింటిని ఒకే వైపునకు వాల్చవలెను. డబ్బాను దారముతో వ్రేలాడదీసి నీరు నింపిన, అది ధారలకు వ్యతిరేకముగా తిరుగును. రంధ్రములు సూటిగా నున్న రెండవ డబ్బాలోనుండి నీరు అంతే కారినను అది తిరుగదు. తోకచుక్క విషయములోను ఆవిరి ఎంత వెడలుచున్నదో యొక్కటే చాలదు. ఏ దిశకు వెడలుచున్నదో కూడ తెలియవలెను.