పీఠము క్రింద నక్క

(చదువవలసిన భాగములు: మత్తయి 7:15; అపొ. కార్య. 20:28-31)

దేవుని మందిరములో కుక్కకు, కుందేలుకు, నక్కకు ఏమి పని? ఇంగ్లాండు దేశపు పాత దేవాలయములను చూచిన వారికి ఈ ప్రశ్న కలుగక మానదు.

ఆ దేశములో, వేల్స్ సరిహద్దుకు సమీపమున, కిల్పెక్ అను చిన్న గ్రామమున్నది. అక్కడి దేవాలయమును సుమారు 1140లో ఎర్రని ఇసుకరాతితో కట్టిరి. దాని చూరు క్రింద చుట్టూ రాతి బొమ్మలు చెక్కిరి. వాటిలో 85 నేటికిని నిలిచియున్నవి. గొఱ్ఱెపిల్ల బొమ్మ అర్థము మనకు తెలియును. యోహాను 1:29 దానిని విప్పిచెప్పుచున్నది. అయితే కుక్కయు కుందేలును స్నేహితులవలె ప్రక్కప్రక్కన ఎందుకున్నవో నిశ్చయముగా చెప్పగలవారు లేరు. చెక్కిన శిల్పి ఏమియు వ్రాసిపెట్టలేదు.

ఆ కాలమున ప్రతి జంతువులోను ఒక పాఠమున్నదని బోధించు గ్రంథములుండెను. పెలికాను పక్షి తన రొమ్ము చీల్చుకొని, ఆ రక్తముతో పిల్లలను బ్రదికించునని జనులు నమ్మిరి. గనుక అది క్రీస్తునకు గుర్తాయెను. అయితే అందరును ఈ చెక్కడములను మెచ్చుకొనలేదు. క్లేర్వో మఠాధిపతియైన బెర్నార్డు సుమారు 1125లో వీటిని గట్టిగా విమర్శించెను. మఠములలోనివారు వాక్యధ్యానము మాని రాళ్లను చూచుచు ప్రొద్దుపుచ్చుదురని ఆయన బాధ. ఇంత ఖర్చెందుకనియు అడిగెను.

లడ్లో పట్టణములోని సెయింట్ లారెన్స్ దేవాలయములో మరియొక వింత ఉన్నది. అక్కడ గురువులు కూర్చుండు బల్లలకు మడత పలకలున్నవి. పలకను పైకెత్తినయెడల, దీర్ఘ ఆరాధనలో నిలుచుండువారు ఆనుకొనుటకు చిన్న అంచు కనబడును. 15వ శతాబ్దములో ఆ అంచుల క్రింద బొమ్మలు చెక్కిరి. వాటిలో ఒకటి, బిషప్పు వస్త్రములు ధరించి బాతులకు ప్రసంగించుచున్న నక్క!

ఆ హెచ్చరికను ఎక్కడ చెక్కిరో గమనించుడి. సామాన్యులు చూచు గోడమీద కాదు, బోధకులు కూర్చుండు పీఠము క్రిందనే.

మేమును వాక్యము చెప్పువారమే. ఆదివారమున మా అంగీ తెల్లగానే యుండును. అయితే మా కన్ను మంద క్షేమముమీద ఉన్నదా, మంద తెచ్చు కానుకమీద ఉన్నదా? ఈ ప్రశ్న మొదట మమ్మునే గుచ్చుచున్నది.

కోళ్లను గంప క్రింద కమ్మనిదే మన పల్లెలలో తల్లులు నిద్రపోరు. ఆత్మల విషయములో అంత జాగ్రత్త వద్దా? బెరయవారు పౌలు మాటలను సహా లేఖనములతో పోల్చి చూచిరి (అపొ. కార్య. 17:11). ప్రసంగము విని ఇంటికి వెళ్లిన తరువాత, కుటుంబ ప్రార్థనలో ఆ వాక్యభాగమును మరల తెరచి చదువుడి. మీ కాపరి కొరకు ప్రార్థించుడి. మా కొరకును ప్రార్థించుడి.