గోడల్లేని కచేరీ హాలు

జులై సాయంత్రం. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం పడమటి కొసన, బర్క్‌షైర్ కొండల్లో లెనాక్స్ అనే చిన్న ఊరు. కచేరీ మొదలవడానికి రెండు గంటల ముందే ఊరి శివారు పచ్చికలో జనం దుప్పట్లు పరిచేస్తారు. మడతకుర్చీలు విప్పుకుంటారు, తినుబండారాల బుట్టలు తెరుస్తారు. కొందరైతే చిన్న బల్ల వేసి, తెల్లగుడ్డ కప్పి, కొవ్వొత్తులు కూడా వెలిగిస్తారు. పిల్లలు చెట్ల కింద పరుగులు పెడుతుంటారు. ఇక్కడ పాట వినడానికి వచ్చేవాళ్లు ముందు భోజనం సంగతి చూసుకుంటారు!

ఇది టాంగిల్‌వుడ్. బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాకు 1937 నుంచీ వేసవి విడిది.

అంతకుముందు ఏడాది ఈ ఆర్కెస్ట్రా ఇదే ప్రాంతంలో గుడారం వేసి కచేరీలు చేసింది. అవి బాగా నచ్చడంతో టాపన్ కుటుంబం తమ 210 ఎకరాల ఎస్టేట్‌ను రాసిచ్చేసింది. అక్కడా గుడారమే వేశారు. 1937 ఆగస్టు 12న వాగ్నర్ సంగీతం నడుస్తుండగా ఉరుములతో కుండపోత వాన కురిసింది. వాయిద్యాల మోత ఉరుముల్లో కలిసిపోయింది, కచేరీ మధ్యలో ఆపాల్సి వచ్చింది. నిర్వాహకురాలు గెర్ట్రూడ్ రాబిన్సన్ స్మిత్ అదే అదనుగా వేదికెక్కి, పక్కా కప్పు వేయడానికి చందాలివ్వమని తడిసిన జనాన్నే అడిగారు.

చందాలైతే వచ్చాయి గానీ, పేరున్న ఆర్కిటెక్ట్ ఎలియెల్ సారినెన్ గీసిచ్చిన ప్లానుకు అవి చాలలేదు. ఆ డబ్బుతో అయ్యేది ఉత్త షెడ్డే, దానికి ఆర్కిటెక్ట్ ఎందుకన్నట్టు ఆయన తప్పుకున్నారు. స్థానిక ఇంజినీరు జోసెఫ్ ఫ్రాంజ్ ఆ ప్లానునే కుదించి, విసనకర్ర ఆకారంలో పక్కగోడల్లేని పెద్ద కప్పు లేపారు. 1938లో తెరిచిన దాన్ని ఇప్పటికీ ‘షెడ్’ అనే అంటారు. లోపల 5,000 మందికి పైగా కూర్చోవచ్చు. గోడలు లేవు కాబట్టి బయట పచ్చికమీద ఇంకా వేలమంది తక్కువ ధర టికెట్‌తో వినొచ్చు. పొదుపు కోసం వదిలేసిన ఆ గోడలే ఈ చోటును అందరిదీ చేశాయి.

వారాంతాల్లో బెతోవెన్, మాలర్. మరో రాత్రి జాన్ విలియమ్స్ సినిమా సంగీతం. అమెరికా స్వాతంత్ర్య దినం దగ్గరపడితే, ఇదే కొండల్లో కాపురముండే జేమ్స్ టేలర్ గిటార్. 1969 ఆగస్టు 12న, అంటే వుడ్‌స్టాక్ సంగీతోత్సవానికి మూడు రోజుల ముందు, ‘ద హూ’, ‘జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్’ రాక్ బృందాలూ, బ్లూస్ దిగ్గజం బి.బి.కింగ్ కూడా ఇదే కప్పు కింద హోరెత్తించారు.

అయినా టాంగిల్‌వుడ్‌లో ఇప్పటికీ చెప్పుకొనే రాత్రి ఓ పద్నాలుగేళ్ల పిల్లది. 1986 జులై 26న మిదోరి అనే ఆ పిల్ల, లియొనార్డ్ బెర్న్‌స్టీన్ రచననే ఆయన నిర్వహణలో వాయిస్తోంది. చివరి భాగంలో వయొలిన్ తీగ పుటుక్కున తెగింది. పక్కనే ఉన్న మొదటి వయొలినిస్టు వాయిద్యం అందుకుని సాగించింది. కాసేపటికి దాని తీగా తెగింది! ఇంకొకరి వయొలిన్ తీసుకుని, తడబడకుండా ముగించింది. బెర్న్‌స్టీన్ ఆ పిల్లను గుండెలకు హత్తుకున్నారు.

ఆ బెర్న్‌స్టీన్ ఇక్కడి విద్యార్థే. ఆర్కెస్ట్రా సారథి సెర్గె కూసెవిత్స్కీ 1940లో ఇక్కడ పెట్టిన వేసవి సంగీత పాఠశాలలో మొదటి బ్యాచ్ ఆయనది. 1942లో యుద్ధం వల్ల ట్రస్టీలు వేసవి కార్యక్రమాలు ఆపేస్తే, కూసెవిత్స్కీ బడిని మాత్రం తన ఫౌండేషన్ ఖర్చుతో నడిపించారు. మన జుబిన్ మెహతా 1958లో ఇక్కడి పోటీలో రెండో బహుమతి అందుకున్నారు; మొదటిది క్లాడియో అబ్బాడోకు దక్కింది. రెండేళ్లకు చదువుకోవడానికొచ్చిన సెయిజి ఒజావా, 1973 నుంచి 29 ఏళ్లు బోస్టన్ సింఫనీని నడిపారు. 1994లో కట్టిన మరో హాలుకు ఆయన పేరే పెట్టారు. దానికి గోడలున్నా, వెనకవైపు తలుపులు బార్లా తెరిస్తే పచ్చికమీదివాళ్లూ శ్రోతలే.

2019లో లిండె సెంటర్ అనే భవనాలు వచ్చాక చలికాలంలోనూ ఇక్కడ పాఠాలు, చిన్న కచేరీలు జరుగుతున్నాయి. షెడ్‌లో మాత్రం వేసవి దాటితే కచేరీలుండవు: గోడల్లేనిచోట బర్క్‌షైర్ మంచును ఆపడం ఎవరి తరమూ కాదు.