ఒక్క ఫోల్డరే కావాలి, చరిత్రతో సహా

పెద్ద గిట్ రెపోలోంచి ఒక ఫోల్డర్‌ను విడదీసి సొంత రెపోగా పెట్టుకోవాలంటే ఎవరికైనా మొదట తోచేది ఒకటే: ఫైళ్లు కాపీ చేసి, కొత్త రెపోలో "మొదటి కమిట్" అని ఎక్కించేయడం. పని అయిదు నిమిషాల్లో అయిపోతుంది. అయినా వద్దనే చెబుతాను. ఎందుకు?

బిల్లుల సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందనుకోండి. అందులో అంకెలను తెలుగు మాటల్లోకి మార్చే చిన్న లైబ్రరీ ఉంది. బిల్లు అడుగున "అక్షరాలా" అన్నచోట పడేది అదే. 100 వస్తే "వంద" అనాలి, 101 వస్తే "నూట ఒకటి" అనాలి. దీనికోసం కోడ్‌లో ఒక ఇఫ్ కండిషన్ ఉంటుంది. తెలుగు రాని ప్రోగ్రామర్ చూస్తే, ఇదెందుకని తీసేస్తాడు. తీసేసే ముందు గిట్ బ్లేమ్ నడిపితే ఆ వరుస ఎవరు, ఎప్పుడు, ఏ ఫిర్యాదు వచ్చాక చేర్చారో కమిట్ సందేశంలో కనిపిస్తుంది. కాపీ చేసిన రెపోలో మాత్రం వరుసలన్నీ ఒకే రోజు ఒకే మనిషి రాసినట్టుంటాయి. కారణాలు పోతాయి, రాసినవాళ్ల పేర్లూ పోతాయి. ఏళ్ల తరబడి పనిచేసిన వాళ్ల పేరు అలా చెరిగిపోవడం అన్యాయం.

మరి చరిత్ర వదిలేసి మొదలుపెట్టడం ఎప్పుడూ తప్పేనా? కాదు. లైనక్స్ కెర్నల్‌నే చూడండి. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని గిట్‌లోకి తెచ్చినప్పుడు 2.6.12-ఆర్‌సీ2 దగ్గర మొదలుపెట్టారు. అంతకుముందు వాడిన బిట్‌కీపర్‌లోని పాత చరిత్ర అంతా తెస్తే సుమారు 3.2 జీబీ అవుతుందని, అప్పుడే పుట్టిన గిట్‌కు ఆ బరువు వద్దని ఆ మొదటి కమిట్‌లోనే రాశారు. ఆ పాత చరిత్ర విడి రెపోగా దొరుకుతుంది. కావాలనుకున్నవాళ్లు గిట్ రీప్లేస్‌తో రెండింటినీ అతికించి చూసుకోవచ్చు. చరిత్రను పక్కన పెట్టారు గానీ పారేయలేదు, కారణం కూడా రాసిపెట్టారు.

ఇక చరిత్రతో సహా విడదీయడం ఎలా? ముందు ఒక సంగతి తెలియాలి. గిట్‌లో చరిత్రను ముక్క కోసి ఇవ్వడం కుదరదు, మళ్లీ రాయాల్సిందే. ప్రతి కమిట్‌కూ సాధారణంగా 40 అక్షరాల గుర్తు ఉంటుంది. ఫైళ్లు, రాసినవారి పేరు, తేదీ, సందేశం, దాని ముందున్న కమిట్ గుర్తు, వీటన్నిటి నుంచీ గిట్ దాన్ని లెక్కగడుతుంది. ఊళ్లో మనిషిని "ఫలానావారి అబ్బాయి" అని తండ్రి పేరుతో గుర్తుపట్టినట్టు, ప్రతి కమిట్‌లోనూ తండ్రి గుర్తు ఇమిడి ఉంటుంది. ఎక్కడో వెనక ఒక ఫైలు తీసేస్తే ఆ కమిట్ గుర్తు మారుతుంది, దాంతో దాని సంతానం గుర్తులన్నీ మారతాయి. పాత డిజిటల్ సంతకాలు కూడా ఇక చెల్లవు.

ఈ పనికి గిట్ ఫిల్టర్-రెపో వాడండి. పాత ఫిల్టర్-బ్రాంచ్ నెమ్మది, తప్పులకు తావెక్కువ. 2019 నుంచి గిట్ కూడా దాన్ని నడపగానే హెచ్చరించి దీన్నే సూచిస్తోంది. రెపోను కొత్తగా క్లోన్ చేసుకుని ఆ క్లోన్‌లోనే నడపాలి. కావలసిన ఫోల్డర్‌ను పాత్ ఆప్షన్‌తో చెబితే అది తాకిన కమిట్లు మిగులుతాయి, ఖాళీ అయిపోయినవి రాలిపోతాయి. పని ముగిశాక అది ఆరిజిన్ రిమోట్‌ను కూడా తీసేస్తుంది. పొరపాటున పాత సర్వర్‌కు పుష్ చేయకుండా ఆ జాగ్రత్త. తీసుకెళ్లాల్సినవి రెండు మూడు కమిట్లే అయితే ఇదంతా అక్కర్లేదు, ఫార్మాట్-ప్యాచ్ చాలు.

అసలు కష్టం పాత పేర్ల దగ్గర వస్తుంది. మన లైబ్రరీ ఇప్పుడు "అంకెలు" అనే ఫోల్డర్‌లో ఉంది. మూడేళ్ల కిందట "యుటిల్స్"లో ఉండేది. "అంకెలు" ఒక్కటే అడిగితే చరిత్ర పేరు మారిన రోజు దగ్గరే ఆగిపోతుంది, వంద-నూట గొడవేమో అంతకుముందుది. గిట్ పేరు మార్పును విడిగా నమోదు చేయదు. చూసే సమయంలో రెండు ఫైళ్ల పోలికను బట్టి ఊహిస్తుంది. ఫిల్టర్-రెపో ఆ ఊహ జోలికే పోదు, మీరు చెప్పిన దారులనే పట్టుకుంటుంది. కాబట్టి పాత దారులన్నీ మీరే వెతికి ఇవ్వాలి. ముందుగా అనలైజ్ ఆప్షన్‌తో నడిపితే పేరు మార్పుల జాబితా ఒక ఫైలుగా వస్తుంది. ఒక్కో ఫైలుకూ ఫాలో ఆప్షన్‌తో లాగ్ చూడండి. ఈ వెతుకులాటకు సగం రోజు పట్టినా పట్టనివ్వండి. మిగతా పనంతా యంత్రం చేస్తుంది, ఇది మాత్రం మనిషే చేయాలి.

ఫైలు పేరు మారకుండా, ఒక పెద్ద ఫైల్లోంచి కొంత కోడ్ కోసి కొత్త ఫైల్లో పెట్టి ఉంటే? అప్పుడు దారుల లెక్క పనిచేయదు. ఆ పెద్ద ఫైలును కూడా వెంట తీసుకెళ్లాలి, లేదా చరిత్ర అక్కడ తెగుతుందని ఒప్పుకోవాలి. పెద్ద ఫైల్లో కంపెనీ లోపలి సంగతులు లేకపోతే నేను తీసుకెళ్లమనే అంటాను.

రెపోను బయటివాళ్లకు ఇస్తుంటే ఇంకో జాగ్రత్త. ఇవాళ్టి ఫైల్లో లేని పాస్‌వర్డ్ పాత కమిట్‌లో ఉండొచ్చు, సందేశాల్లో కస్టమర్ల పేర్లుండొచ్చు. రెండింటినీ ఫిల్టర్-రెపోతోనే మార్చవచ్చు. కానీ పాస్‌వర్డ్ ఒకసారి రెపోలోకి ఎక్కిందంటే అది ఇప్పటికే ఎందరి క్లోన్లలోనో ఉంటుంది. ముందు ఆ పాస్‌వర్డ్‌నే మార్చి కొత్తది పెట్టండి, తర్వాత పాతదాన్ని చరిత్రలోంచి చెరపండి.

కొత్త రెపోలో పాత కమిట్లకు వెళితే బిల్డ్ కాకపోవచ్చు, ఎందుకంటే అప్పట్లో అవి ఆధారపడ్డ ఫైళ్లు ఇప్పుడు వెంట లేవు. తప్పును వెతకడానికి బైసెక్ట్ వాడేవాళ్లకు ఇది ముందే చెప్పి ఉంచాలి. పాత గుర్తుకు కొత్త గుర్తు ఏదో చెప్పే కమిట్-మ్యాప్ అనే ఫైలును ఫిల్టర్-రెపో డాట్-గిట్ ఫోల్డర్ లోపల రాసి ఉంచుతుంది. అది పుష్‌తో వెళ్లదు. బగ్ ట్రాకర్‌లో ఉన్న పాత గుర్తులు రేపు ఎవరికైనా అర్థం కావాలంటే దాన్ని బయటికి తీసి కొత్త రెపోలోనే కమిట్ చేయండి. పాత రెపోలో ఆ ఫోల్డర్‌ను తొలగించే కమిట్ సందేశంలో కొత్త రెపో ఎక్కడుందో రాయండి.